ఇటుక గులకలు

తండయార్‌పేట స్కానింగ్ సెంటర్లో
నా పని రాళ్లు వెతకడం.
చీకటి గది, చల్లటి జెల్లు,
ఊపిరి బిగబట్టండి, వదలండి.
నాలుగు మిల్లీమీటర్లు, ఏడు, పదకొండు.
పదహారేళ్లుగా
మనుషుల లోపలి గుట్టలు కొలుస్తున్నాను.

గోడ మీద మందుల కంపెనీ క్యాలెండరు.
అందులో జూలై నెలంతా ఒక గులకరాళ్ల తీరం.
కింద సన్నటి అక్షరాల్లో పసిఫిక్ అని.
పొగమంచు, బూడిదరంగు రాళ్లు, మనిషి జాడ లేదు.
ఆగస్టు వచ్చినా కాగితం తిప్పలేదు నేను.
తారీఖులు తప్పు పడుతున్నాయని
రిసెప్షన్లో సెల్వరాణి గొడవ.

కాసులమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే.
చేపల గంప గుమ్మం బయట పెట్టి,
బల్ల మీద వెల్లకిలా పడుకుని,
గోడకేసి చూసి
"అట్టాంటిది మాకూ ఉండాది" అంది.
"యాడ?"
"మా ఇంటెనక."
కాసేపాగి,
"ఇల్లుండేటప్పుడు ఇంటెనక. ఇప్పుడు ఇంటి మీద."

ఊపిరి బిగబట్టండి, అన్నాను
ఇంకేం అనాలో తెలీక.
ఆమెలో రాళ్లేమీ లేవు.
నార్మల్ అని రాసిచ్చాను.

ఆదివారం ఎర్నావూరు దాటి బస్సు దిగాను.
కంటైనర్ లారీల వరస పక్కనుంచి నడిచి,
సముద్రానికి అడ్డంగా పోసిన నల్లరాతి కట్టెక్కి,
కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని ఆమె ముందు,
చెప్పులు చేత్తో పట్టుకుని నేను వెనక.
అవతల, రెండు రాతివరసల సందులో
పెళ్లిపందిరంత చోటు.
లారీల మోత అక్కడికి రాలేదు.
అల వెనక్కి పోయినప్పుడల్లా
గుప్పిట్లో గచ్చకాయలు కదిపిన చప్పుడు,
అంతే.

వంగి చూస్తే
గులకలు ఎర్రగా ఉన్నాయి.
ఇటుకలు.
మూలలన్నీ అరిగిపోయి
కోడిగుడ్డంత, చింతగింజంత, కందిపప్పంత.
మధ్య మధ్య సిమెంటు గోళీలు,
చప్పరించి ఉమ్మేసిన బిళ్లలా
ఆకుపచ్చ మొజాయిక్ ముక్క.
ఒకదాని బుగ్గన ఇంకా నీలం సున్నం.

చింతపండులో గింజ తీసినట్టు
కాసులమ్మ ఒక్కోటే ఏరింది.
"ఇది దేశమ్మోళ్లది, నీలం కొట్టించింది వాళ్లే.
ఇది రేషను కొట్టుది.
ఇది..." అరచేతిలో తిప్పి తిప్పి,
"నా వంటిల్లే అనుకో. మసి పోలా చూడు."
మసి కాదు, తడి.
చెప్పలేదు నేను.
అలవాటుకొద్దీ కళ్లతోనే కొలిచాను:
ఇరవై రెండు మిల్లీమీటర్లు.
ఆ సైజుకి ఆపరేషనే.

ఆమె తెచ్చిన వేయించిన నెత్తళ్లు తిన్నాం.
సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది తను.
నేను సముద్రం వైపు.
చూడ్డానికి వచ్చినదాన్ని కదా.

క్యాలెండరులో రాళ్లు ఎవరివీ కావులే, అనుకున్నాను.
అదీ నాకు తెలీదు, అనుకున్నాను మళ్లీ.
అక్కడా ఏ మనిషో ఒక్కోటీ పేరుతో పిలుస్తుందేమో,
ఫొటో తీసినతను అడిగి ఉండడు.

లేచేటప్పుడు ఒకటి గుప్పిట్లో దాచుకున్నాను.
ఆమె చూసేసింది.
"ఇంకొంచెం పెద్దది తీస్కోరాదా" అంది,
బేరం తెగాక కొసరేసే గొంతుతో.
పెట్టేశాను.
తీసినచోట కాదు,
అక్కడికి అప్పటికే నీళ్లొచ్చాయి.

సోమవారం మొదటి పేషెంటు
లారీ క్లీనరు కుర్రాడు. కుడివైపు, ఆరు మిల్లీమీటర్లు.
"ఎట్లా వస్తాయి మేడమ్ ఇవి?"
నీళ్లు తక్కువై, అని
రోజూ చెప్పే మాట నాలుక దాకా వచ్చి ఆగింది.
జెల్లు తుడుచుకోమని కాగితం చేతికిచ్చాను.

గోడ మీద సెప్టెంబరు.
ఎవరు తిప్పారో.
ఏదో పూలతోట.