డెడ్‌స్టాకు రిజిస్టరు

ఏటా మార్చిలో మునిసిపాలిటీ నన్ను పంపుతుంది
బరంపురం నూలుకొట్ల సందుకి,
మాంటిస్సోరి బడి సామాన్లు లెక్కపెట్టి రమ్మని.

రిజిస్టరు మొదటి పేజీలో బడి లేదు.
'మగ్గాల కొట్టం, రేకుల కప్పు, అద్దె పదకొండు రూపాయలు.'
అరవై ఏళ్ల కిందట ఎవరో రాసింది
ఎవరూ కొట్టెయ్యలేదు.
కరెంటు బిల్లు ఇవాళ్టికీ మగ్గాల పేరునే వస్తుంది.

హేమనళిని టీచరమ్మ మద్రాసులో తర్ఫీదై
రైలు దిగినప్పుడు
ట్రంకు పెట్టెలో ఉన్నవి కొలతలు రాసుకున్న కాగితాలే.
సామాన్లకి డబ్బు మంజూరు కాలేదు.
వడ్రంగి దండాసి మహారణా ఆ కాగితాలు
అటు తిప్పి ఇటు తిప్పి చూసి
విరిగిన మగ్గాల కర్రతో పది ఘనాలు కోశాడు,
పెద్దది కొబ్బరికాయంత, చిన్నది చింతగింజంత.
గులాబీ రంగు దొరక్క
ఠాకురాణి జాత్ర రథానికి మిగిలిన ఎరుపులో
సున్నం కలిపాడు.

రంగుల పలకలకి చుట్టిన పట్టుదారం
నేత ఇళ్ల తుంపులు.
వంగపండు రంగులోనే ఏడు ఛాయలు.
అద్దకం వాళ్ల పిల్లలు తడుముకోకుండా వరస పేర్చేవారు.
టీచరమ్మే అప్పుడప్పుడు తప్పేది.

'ఇదేటి బడమ్మా,
ఈ గిన్నెలో బియ్యం ఆ గిన్నెలో పొయ్యడమేటి,
ఆ పని ఇంటికాడ లేదేటి?'
అని అడిగినవాళ్లే
మర్నాడు చంటిదాన్ని కూడా తెచ్చి దింపేవారు.

ఆటల్లో ఒకటి మౌనం.
కళ్లు మూసుకుని కూర్చోవాలి,
టీచరమ్మ గుసగుసగా పిలిస్తే లేచి వెళ్లాలి.
సందులో నలభై మగ్గాలు. ఎవరి పేరూ ఎవరికీ వినపడేది కాదు.
నేతపెద్ద బుడ్డయ్య పదకొండింటికి పావుగంట
మగ్గాలు ఆపించాడు.
ఆ పావుగంట కూలి ఎవరూ అడగలేదంటారు.
అడిగే ఉంటారు.
ఇప్పుడు మగ్గాలు మూడు.
మౌనం దానంతటదే ఉంటుంది,
పిల్లలకి అది ఆటలా అనిపించదట.

గరుకు కాగితం కోసి అట్టలకి అంటించిన అక్షరాలు
రెండు బీరువాల్లో.
ఒరియా వాటికి నెత్తిన గొడుగు,
తెలుగు వాటికి తలకట్టు.
తెలుగు నేర్పమన్న ఉత్తర్వు నోటిమాటగా వచ్చింది,
కాగితం వెనకే వస్తుందన్నారు.
అందుకే నా రిజిస్టరులో తెలుగు అక్షరాలు
'ఇతరములు'.

ఆయా గవరమ్మకి చదువు రాదు.
ఇరవై ఏళ్లు ఆ అట్టలు తుడిచింది, గుడ్డతో కొంత, వేలితో కొంత.
చదువు కంటికి పట్టలేదు, వేలికి పట్టింది.
రేషన్ దుకాణం బోర్డు ముందు నిలబడి
చూసిన గీతని తొడ మీద గీసుకుంటే గానీ
మాట నోటికి వచ్చేది కాదు.
పింఛను కాగితం మీద వేలిముద్ర వెయ్యమంటే
కళ్లు మూసుకుని సంతకం పెట్టింది.
ఆ ఫైలు మా ఆఫీసులోనే ఉంది.
'గ' గడి దాటి, గుమాస్తా ముద్ర దాటి
పక్క మనిషి పేరు మీదికి వెళ్లిపోయింది.

ఇక ఘనాలు. తొమ్మిది.
పదోది ఎప్పుడూ ఉండదు.
ఒకటి తుపానులో పోయింది.
ఒకటి కొర్లయ్య మింగాడు,
రెండోనాడు దొరికింది గానీ ఎవరూ ముట్టుకోలేదు.
ఈ ఏడు గోపురం కొసన సుద్దముక్క.
దాన్ని ఏ పద్దులో రాయాలో తెలియక వదిలేశాను.

తెలుగు అట్టలు యాభై ఆరులో ముప్పై ఒకటి.
'గ' అట్ట తీసి వేలు పెట్టి చూశాను.
గరుకు లేదు, చేప పొట్టలా జారింది.
'స్థితి' గడిలో: అరుగుదల.
'కారణం' గడిలో చెదలు, తేమ, నిర్లక్ష్యం అని
ముందే అచ్చేసి ఉన్నాయి, ఒకటి ఉంచి తక్కినవి కొట్టెయ్యాలి.
మూడూ కొట్టేసి
పక్కన ఇరుకులో రాశాను: 'వాడకం.'
ఆడిట్ వాళ్లు ఒప్పుకోరు.

ఇంకా రాస్తుండగానే
నా మోకాలంత పిల్ల చాప చుట్టుకుంటూ వచ్చి
నేను నిలబడ్డ చివర దగ్గర ఆగింది.
ఏమీ అనలేదు.
నేను జరిగేదాకా అలాగే నిలబడింది.