పన్నెండో దారం

రాత్రి పదకొండు. కాజీపేట వైపు గూడ్సు బండి పోతుంటే
స్క్రీన్ మీద గీత ఒక్కసారి జలదరిస్తుంది.
పక్క గదిలో ట్యూబులైటు చోక్ గొణుగుడు కూడా
నా సర్క్యూట్ వింటుంది.
అన్నీ వింటుంది, వినాల్సింది తప్ప.

పంపేటప్పుడు అరవై వోల్టుల కేక.
ఒంట్లోకి పోయి, కాలేయం అంచునో
గుండె కవాటం రెప్పనో తాకి
తిరిగొచ్చేసరికి కొన్ని మైక్రోవోల్టుల గుసగుస.
దాన్ని మొదట అందుకునే ట్రాన్సిస్టర్ నాది.
అది తప్పు విన్నదా,
వెనకున్నవాళ్ళంతా ఆ తప్పునే
గొంతు పెంచి చెబుతారు.

నిశ్శబ్దం అనేది లేదు.
వేడి ఉన్న ప్రతిదీ లోపల వణుకుతూనే ఉంటుంది,
యాభై ఓముల రెసిస్టర్ అయినా సరే.
కరెంటు ఎక్కువ పోస్తే గొణుగుడు తగ్గుతుంది,
కరెంటు ఎక్కువ పోస్తే ప్రోబ్ కాగుతుంది.
అది మనిషి చర్మానికి ఆనించేది.
పైగా బ్యాటరీ, తాడ్వాయి అడవిలో
నర్సు కుర్సం నాగమణి సంచిలో పొద్దంతా నడవాల్సింది.
చానెల్‌కి మూడు మిల్లీవాట్లు ఇచ్చారు నాకు.
కొంగున ముడేసుకున్న నెల జీతంలా
పదకొండు నెలలుగా విప్పి లెక్కపెట్టుకుంటున్నాను.

బాపు కొత్తవాడలో ముప్పై ఏళ్ళు మరమగ్గాల మధ్య.
పద్దెనిమిది మగ్గాలు ఒక్కసారే కొట్టుకుంటుంటే
ఆ షెడ్డులో పక్కమనిషి మాట వినపడదు,
చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు.
ఒక్క పోగు తెగితే మాత్రం
బాపు తల తిరిగేది.
"ఎట్ల తెలిసె?" అంటే
"మోతల నుంచి ఒకటి తక్కువైతది బిడ్డా."
ఆ మాటని నేనింకా ఏ సిమ్యులేషన్‌లోనూ పెట్టలేకపోయాను.
ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా పోయింది,
ఏం చెప్పినా కుడివైపు నుంచే చెప్పాలి.

పరీక్షకి తొట్టిలో నైలాన్ దారాలు కట్టాలి,
సెంటీమీటరు లోతుకొకటి, బిగువు తప్పకుండా.
ఒంటిలాగా అలల్ని తాగాలని
నీళ్ళలో చిక్కటి పాలు కలిపాం.
నేను కట్టినవన్నీ సాగిపోయాయి.
నిన్న బాపుని పిలిచాను.
గేటు దగ్గర పుస్తకంలో ఎలగం ఓదెలు అని రాసి
వచ్చిన పని అన్న గడిలో "పోగులు" అని రాశాడట.

పన్నెండు దారాలు, పావుగంట.
ఒక్కోటి వేలితో మీటి చూసి
ఏడోది విప్పి మళ్ళీ కట్టాడు.

ప్రోబ్ ముంచాను.
మొన్నటి చిప్ ఆరో దారం దగ్గరే ఆగింది.
ఇవాళ ఏడు, ఎనిమిది, తొమ్మిది
తెల్లటి చుక్కలు, ఒకదాని కింద ఒకటి.
పది, ఉంది.
పదకొండు, నా కోరిక కావచ్చు.
పన్నెండోది ఇసుకలో పడ్డ నూకగింజ,
చూపు పక్కకు తిప్పితేనే కనిపిస్తోంది.

బాపు స్క్రీన్ చూడలేదు.
మగ్గం మోటారుని చూసినట్టు
ప్రోబ్ వీపు మీద అరచెయ్యి ఆనించి
కాసేపు ఉంచాడు.
"సల్లగనే ఉన్నది గదనే," అన్నాడు,
"చాలు జేసినవా, ఇంక లేదా?"

కుడివైపుకి వెళ్ళి, చేసిన బాపూ అన్నాను.
రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.