పద్నాలుగు చెట్లు

ఆల్టెన్‌బుర్గ్ భూముల ఆఫీసులో
ముప్పై ఒక్క ఏళ్ళు ఉక్కు టేపు ఈడ్చినవాణ్ణి.
వీలాండ్ త్సోయ్‌నర్ నా పేరు.
ఒక ప్లమ్ తోట సంగతి చెబుతాను.
కథ కాదు, దస్త్రం.
ఒకే తోటకు మా బీరువాలో అయిదు పటాలు,
అయిదింటి మీదా అయిదు ముద్రలు.

ప్లైసె ఏటి పక్కన త్సెష్‌లిట్స్ అనే ఊరు.
పద్నాలుగు చెట్లు, ఒక మేకల పాక,
నాలుగు వైపులా గోడల్లా కట్టుకున్న ఇల్లు,
నడుమ వాకిట్లో పొగలు కక్కే పెంటకుప్ప.
లిడ్డీ కెర్ట్‌షర్ ఆ ఇంటి మనిషి.
మేకపాల చీజ్‌లో షాజీరా ఎంత వేయాలో
వేలికొసలతోనే తూచేది.

ఆమె పుట్టిన ఏడు ఆ తోట ఒక డ్యూకుది.
ఆయన రాజ్యాన్ని మెయిలు రైలు
ఒక చుట్ట కాలేలోపు దాటేసేది.
పక్కన ఇంకో డ్యూకు, ఆయనకు వరసైన మరో డ్యూకు,
కొండ దిగితే రాయిస్ వంశం.
ఆ ఇంట పుట్టిన ప్రతి మగబిడ్డా హైన్రిషే,
పేర్లు చాలక అంకెలు తగిలించుకున్నారు.
అన్నదమ్ములు పంచుకుని,
పంచుకున్నదాన్ని కొడుకులు పంచుకుని,
ముత్తాత దుప్పటి చివరికి
చేతిరుమాళ్ళుగా మిగిలింది.

మాది పేకముక్కలు అచ్చేసే ఊరు.
కలపడం, కోయడం, పంచడం
బడికి వెళ్ళకముందే వస్తుంది మాకు.
కానీ పేకకు ఒక మర్యాద ఉంది:
ఆట ముగిశాక ముక్కలన్నీ
మళ్ళీ ఒక పెట్టెలోకి వస్తాయి.

లిడ్డీ పదకొండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు
ఏడు రుమాళ్ళు కలిపి కుట్టి థురింగియా అన్నారు.
కోబుర్గ్ మాత్రం ఓటేసి బవేరియాతో వెళ్ళిపోయింది.
కుట్టు చివర ఆ చిరుగు ఇప్పటికీ కనిపిస్తుంది.
ఆమెకు నలభై మూడు వచ్చాక బెర్లిన్ కాగితం:
ఇక రాష్ట్రాలు లేవు, జిల్లాలే.
థురింగియాను మూడు చెక్కలు చేసి
మమ్మల్ని లైప్‌జిగ్ ఖాతాలో రాశారు.
చెట్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.
ఆ ఏడూ సెప్టెంబరులోనే పండాయి.

తర్వాత బొగ్గు.
పొలాల కింద నల్లటి నిద్ర ఉందని
ఊరి కిందికి యంత్రం వచ్చింది,
చర్చి గోపురం కన్నా ఎత్తు.
పరిహారం కోసం తోట కొలవడానికి నన్ను పంపారు.
టేపు ఒక కొస ఆమే పట్టుకుంది.
"బాబూ, ఇంతకీ దీన్ని
ఏ రాజ్యం పేరిట తవ్వుతున్నారు?"
నవ్వుతూనే అడిగింది.
నేను అంకె రాసుకున్నాను.
నాలుగో అంతస్తులో రెండు గదులిచ్చారు ఆమెకు.
మేకలకు లిఫ్టు పనికిరాదు కదా, అమ్మేసింది.

గోడ కూలాక రాష్ట్రాలు తిరిగి పుట్టాయి.
సాక్సనీనా, థురింగియానా అని మమ్మల్ని అడిగారు.
సాక్సనీ అన్నవాళ్ళే ఎక్కువ.
కౌన్సిలు చేతులెత్తి థురింగియా అంది.
లెక్కపెట్టే బల్ల దగ్గర నేనూ ఉన్నాను.
ఒక కాగితం మీద రెండు గడులూ ఖాళీ,
అడుగున వణుకుతున్న పెన్సిలు రాత:
పద్నాలుగు చెట్లు.
ఎవరిదో చెప్పకూడదు. చెప్పక్కర్లేదు కూడా.
"చెల్లదు" అని రాసి సంతకం పెట్టింది నేనే.

గొయ్యిలో ఇప్పుడు నీళ్ళు.
తెరచాప పడవలు, ఐస్‌క్రీము బండి,
ఈత రాని బాతుపిల్లలకు కూడా పేరున్న చెరువు.
రెండు రాష్ట్రాల గీత దాని మధ్యలోంచి పోతుంది.
మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, ఫ్రౌకె,
"ముసలాయనా, రండి" అని పడవెక్కించుకుంది.
ఆకాశంలో ఉపగ్రహాలను అడిగి
సెంటీమీటరు తేడా లేకుండా
గీత ఎక్కడుందో పట్టుకుంది.
రాయి నాటడానికి నేల లేదు.
ఎర్ర బుర్ర ఒకటి తాడుకు కట్టి వదిలింది.

ఒడ్డున కూచుని చూశాను, పొద్దు వాలేదాకా.
గాలి దాన్ని రెండు గజాలు
సాక్సనీ వైపు తోసింది.
తగాదాకు ఎవరూ రాలేదు.