నూనె పెట్టని చక్రం

కాకతీయ కాలువ మీద లష్కర్ని నేను.
తూము షట్టర్ తిప్పే ఇనుప చక్రం
మా వంటింట్ల ఉప్పుడబ్బ పక్కన మేకుకు ఏలాడుతది.
కాలువ కాడ్నే ఇడిసి వస్తే
తెల్లారేసరికి ఎవడో తిప్పి ఉంటడు.

ఈ యాసంగి లెక్క ఇది:
ఎనిమిది దినాలు ఇడుసుడు, ఏడు దినాలు బందు.
పైన డ్యాముల నీళ్లు సగానికి తక్కువ.
సార్లు కాయితం మీద గీసిన గీత
నా చేతుల కొచ్చేసరికి మరలయితది,
షట్టర్ కడ్డీకుండే మరలు.
నాలుగు లేపితే ఆఖరి మడి నానుతది.
మూడే లేపితే
నీళ్లు పెద్దమోరి కాడ్నే పానం ఇడుస్తయి.

మూడో రాత్రి ఓదెలు వచ్చిండు,
నోట్లె బీడి, సంకల కోడి.
"ఒక్క మర బావా. నా తూముకు ఒక్కటంటే ఒక్కటి.
పొట్టకొచ్చిన వరి, ఎట్ల ఇడిసిపెట్టాలె?"
కోడి నా మొకం దిక్కే చూసింది.

ఒక్క మరంటే పదహారు ఎకరాలు, ఓదెలూ.
అవి నీ గెట్టు పక్కన లెవ్వు,
పర్వతగిరి దిక్కు, పన్నెండు కిలోమీటర్ల అవతల
తండ కాడ ఉన్నయి.
కనబడని పొలం ఎండితే
ఎవని కండ్లల్ల నీళ్లు తిరుగుతయి?
కోడిని తీస్కపొమ్మన్న.
బీడి మాత్రం తాగిన.

రైతు వేదికల మీటింగ్ పెట్టిండ్రు.
"ఒక్క ఎకరం వరి తాగే నీళ్లతోని
రెండెకరాల మక్క పండుతది" అన్నడు చిన్న సారు.
నిజమే. ఎవ్వలు కాదనలే.
ఎనకనుంచి సాంబలక్ష్మి లేచింది:
"మక్క మేం తింటమా సారూ, కోతులు తింటయా?
పొద్దంత డబ్బ కొట్టనీకి
మీ ఆఫీసుల కెల్లి ఒకర్ని పంపుతరా?"
అందరు నవ్విండ్రు. సారు గూడ నవ్విండు.
ఆ నవ్వుల ఎన్ని క్యూసెక్కులు కొట్టుకపోయినయో
ఏ స్కేలు మీద చూడాలె?

రాత్రి కరెంటు పోయి మల్ల వస్తది.
ఆటో స్టార్టర్లు వాటంతటవే లేస్తయి.
మనిషి నిద్రల ఉంటడు,
బోరు నీళ్లు మడి నిండి, ఒడ్డు దుమికి, బాటెక్కుతయి.
బాట తాగుతనే ఉంటది.
బాట మీద ఏం పంట పండుతదో.

ఇంకో మాట గూడ చెప్పాలె.
కాలువ మొదట్ల నాకు ఎకరం పది గుంటలున్నది.
నిరుడు మా నాయిన దవఖాన అప్పు మీదున్నప్పుడు
నా మడికి నేనే రెండు మరలు ఎక్కువ తిప్పిన.
సప్పుడు రావద్దని
చక్రానికి నూనె గూడ పెట్టిన.
ఆ యాసంగి తండల వరి ఎండింది.
నేను తిప్పినందుకే ఎండిందో, ఎండేదే ఎండిందో,
ఈ లెక్క ఏ సారూ చెయ్యలేడు,
నాకు చేస్కోబుద్ధి కాదు.

అప్పట్నుంచి నూనె పెడ్తలేను.
తిప్పితే కీచుమంటది. ఊరంత ఇంటది.
ఇననీ.

ఈసారి నా చెక్కల నువ్వులు చల్లిన.
"కాలువ నీ చేతులుంటే నువ్వులా?" అని తమ్ముడు నవ్విండు.
నువ్వులైతే ఉన్నయిరా,
ఇడువనీకి నీళ్లే లెవ్వు అన్న.

ఎనిమిదో దినం నడిరాత్రి ఫోన్.
లాకావత్ ద్వాలి, ఆఖరి మడామె.
మాట లేదు. ఫోను నీళ్ల దగ్గర పట్టినట్టున్నది,
పిల్లి పాలు తాగినంత సప్పుడు.
జర సేపటికి
"అర్ధగంట వచ్చిందన్నా" అన్నది.
అది సంతోషమో, తిట్టో
నాకు సమజ్ కాలే.

రిజిస్టర్ల రెండే గడులు:
చేరింది, చేరలేదు.
ఆ రెండింటి నడిమి గీత మీద
పెన్ను పెట్టి చాన సేపు కూసున్న.

పొద్దు పొడవకముందే బందు చెయ్యాలె.
మేకు మీది చక్రం తీసిన.
ఆమె నిద్రల్నే అడిగింది,
"ఇడువనీకా, బందు వెట్టనీకా?"