ఎడం మూల

ఎల్లాజీని ఒగ్గీసినారట.
తెల్లారి నాలుగున్నరకి, రేవులో ఐసు దంచుతుంటే
మా మరిది కొడుకు ఫోన్ సూసి సెప్పినాడు.
ముందు నమ్మనేదు.
ఎల్లాజీ నేకపోతే ఎడం మూల ఎవుడు కాస్తాడ్రా, అన్నాను.
ఎవుడో బళ్ళారి గుంటడట, ఇరవై రెండేళ్ళట.
ఎనిమిదేళ్ళు ఆ మూల నిలబడ్డోడికి
పూలదండ ఒకటేసి, ఫోటో తీసి
ఇంక సాలన్నారట.

నీకు కబాడ్డీ ఏటి తెలుసని నవ్వుతారు కావాల.
ముప్పయ్యేళ్ళుగా నాను బతికేదే ఏలంపాట మీద.
గట్టు మీద కోనాం పడీగానే
మొప్ప ఎత్తి సూస్తాను, కన్ను నొక్కి సూస్తాను,
తోకట్టుకుని బరువు సూస్తాను,
అప్పుడు గానీ నా నోట్లోంచి రేటు రాదు.
ఆ పెద్దబాబులు సల్లటి గదిలో కూకుని
కాగితం మీద అంకెలు సూసి
కొత్త రైడర్‌కి కోటీ డెబ్బై లచ్చలన్నారు.
కోటీ డెబ్బై!
కుర్రోడు మెరుస్తాడు, కాదన్ను.
సావడ కూడా మెరుస్తాది మరి,
ఎండెక్కీసరికి ఏటౌతాది?

కూతకెల్లడం అందరికీ కనబడతాది.
తొడ కొడతాడు, ఈలలు పడతాయి,
టీవీలో మూడుసార్లు తిప్పి సూపిస్తారు.
మూల కాసీవోడిది ఆ బతుకు కాదు.
ఎల్లాజీ మోకాళ్ళు వంచి, ఒకడుగు ఎనక్కేసి
బురదలో కొంగలాగ ఆగిపోయీవోడు.
అవతలోడి కాలు అందీదాకా కదలడు.
అప్పుడు ఒక్కపట్టు. చీలమండ.
అంతే. నిక్కరు సర్దుకుని మళ్ళీ మూలకి.
పోయినేడు స్వర్ణభారతిలో, ఆఖరి రైడు,
ఒక్క పాయింటు తేడా,
భుజం దిగిపోయినా ఆ కాలు ఒగ్గనేదు మనిషి.
ఆ కాలు ఒగ్గనోణ్ణి
ఈళ్ళు ఒగ్గీసినారు.

నన్నడిగితే,
ఎవరూ అడగరనుకో,
ఆ రైడర్ పాట తొంభైకాడ ఆపీసి,
కుడిమూలకి సూరిబాబునే ఉంచి,
బెంచీ మీద నీళ్ళ సీసాలు మోస్తన్న ఇద్దర్నీ అమ్మీసి
ఎల్లాజీకి ఇంకో రెండేళ్ళు ఇద్దును.
పట్టు ఎలగ పట్టాలో
ఆ బళ్ళారి గుంటడికి నేర్పించమందును.

ఇదంతా నాను గట్టిగా అంతుంటే
గంప ఎత్తుతున్న కొండమ్మ, నవ్వకుండా,
"మరి దానయ్య మాటేటి పిన్నీ?" అంది.

దానయ్య పద్నాలుగేళ్ళు నాకు సరుకేసిన సారంగు.
మొన్న వేట నిషేధం ఎత్తీగానే
నా అడ్వాన్సు ఆడి బోటు మీదనుంచి తీసీసి
కొత్త బోటు గురునాథానికి ఇచ్చీసినాను.
ఆడి కంటికి పొర ఒచ్చిందని,
వారంలో మూడు దినాలు వల ఖాళీగా ఒస్తందని,
నెక్కలేసుకుని, రాత్రంతా మళ్ళీ నెక్కలేసుకుని.
దానయ్య ఏటీ అన్నేదు.
తాడు సుడుతున్నోడు సుడుతూనే ఉన్నాడు.

ఐసునీళ్ళు కాళ్ళకిందకి ఒచ్చీసినాయి.
ఎవరో చందువాకి పాట మొదలెట్టినారు.
నాను నోరెత్తనేదు.

దీపావళి ఎల్లిన శనివారం ఆట.
ఎల్లాజీ ఒచ్చినాడు, అవతలోళ్ళ నారింజరంగు బనీనేసుకుని,
అదే ఎడం మూల, అదే వంగుడు.
మా కోటీ డెబ్బై కుర్రోడు కూతకెల్లినాడు,
బోనసుకని కాలు సాపినాడు.
ఒక్కపట్టు.
హాలంతా సల్లబడిపోయింది.
నాను లేచి నిలబడి ఈలేసినాను.
ముందు వరసలో పోలీసాయన ఎనక్కి తిరిగి
"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు.
జాలారిపేట బాబూ, అన్నాను,
ఎడంపక్క సందు.

పొద్దున్న రేవుకెల్తే
దానయ్య బోటు మీద కవ్వళ్ళు, మూడు గంపలు.
ఎంతకిస్తావ్, అన్నాను.
పొర ఒచ్చిన కంటితోనే నన్ను పోల్చుకున్నాడు.
ఎక్కువే సెప్పినాడు ముసిలోడు.
బేరమాడినాను మరి.