ఎండ్రకాయ బొక్క

పొగతోటలో ఆసుపత్రుల సందు చివర నా మెస్సు.
పన్నెండు బల్లలు, ఒక గ్రైండరు,
గల్లాపెట్టె పక్కన పాత కంప్యూటరు,
అందులో లెక్కల సాఫ్ట్‌వేరు.
అంట్లు తోమి మస్తానమ్మ ఇంటికి పోయాక
నేనూ అదీ ఎదురెదురుగా కూర్చుంటాం.

నిన్న మర్యాదగా అడిగింది:
"మీ వివరాలు భద్రంగా పైన దాచమంటారా?"
పైనంటే యాడ సామీ?
మిద్దె మీదా, మబ్బులోనా?
'తర్వాత చూద్దాం' అని ఒక మీట ఉంది.
'వద్దు' అనే మీట లేదు.

వింజమూరు నించి వచ్చే సుభాషిణి
మొగుడికి వారానికి రెండుసార్లు డయాలసిస్.
పదకొండు భోజనాలు బాకీ.
ఒక్క భోజనం కట్టించుకుని ఇద్దరూ తింటారని
సాంబారు ఎక్కువ పోస్తా, ఆ ఖర్చు వేరే గడిలో రాస్తా.
కాంపౌండరు పెంచలయ్య చేబదులు నాలుగు వేలు,
ఇంట్లో తెలియకూడదన్నాడు.
నా కమ్మలు కుదువ పెట్టిన తేదీ.

ఆ తేదీ పోయిన నెల ఫోన్ యాప్‌లో కూడా రాశా.
తెల్లారేసరికి
బంగారం మీద అప్పిస్తామని మూడు ఫోన్లు.
ఒకడు "రమాసుందరి గారూ" అన్నాడు.
మా అమ్మ కూడా అంత మెత్తగా పిలిచి ఎరగదు.

మా నాయన సర్వేపల్లి కాలవ మీద లస్కరు.
టార్చిలైటుతో గట్టెంబడి నడిచేవాడు, వెనకాల నేను.
"గండి పడితే ఊరంతా చూస్తది పాపా,
ఎండ్రకాయ బొక్కని ఎవురు చూస్తారు?
తెల్లారి లేస్తే మడి ఎండి ఉంటది.
నీళ్ళు యాడికి పోయినయ్యో
పక్క మడికే తెలుసు."
బంకమట్టి కుక్కి మడమతో తొక్కేవాడు,
రెండడుగులేసి, వెనక్కొచ్చి మళ్ళీ తొక్కేవాడు.

రాత్రి నేనూ గట్టెంబడి నడిచా.
సెట్టింగుల్లో, వాటి లోపలి సెట్టింగుల్లో,
చీమ తలకాయంత అక్షరాల్లో
"మా సేవలు మెరుగుపరచడానికి" అని ఒక బొక్క.
"మా భాగస్వాములతో" అని ఇంకొకటి.
నాకున్న భాగస్వామి మస్తానమ్మ, ఆమెకి చదువు రాదు.
ఒక్కొక్క టిక్కూ తీసేసుకుంటా పోయా.
తీసేసిన టిక్కొకటి
మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంది.

లేచి, గోడలోంచి వచ్చే నెట్టు వైరు
చేత్తో పట్టి లాగేశా.
చిన్న చప్పుడు.
నాయన తూము తలుపు దించితే
ఇంకాస్త గట్టిగా వినపడేది.

మూలన ఎర్ర గుర్తు: సంబంధం తెగిపోయింది.
తెగనీ.

ఇబ్బంది లేదని కాదు.
పెన్‌డ్రైవులోకి ఎక్కించి బియ్యం డబ్బాలో దాస్తున్నా.
అది పోతే అంతా పోయినట్టే.
నాయన తొక్కిన గట్లు కూడా కొన్ని తెగినయ్యి.

ఆ లెక్కల్లో ప్రతి మంగళవారం
రెండు వందలు, ఎదురుగా "క" అని ఒంటి అక్షరం.
క అంటే ఏందో
దానికీ చెప్పలేదు నేను.