ఆశ్చర్యార్థకాల గడి

సత్యదేవం గారి మొదటి పుస్తకానికి
ఆశ్చర్యార్థకాలు చాల్లేదు.
కురుపాం మార్కెట్ పక్కన మా ప్రెస్సులో
ఉన్నవే నలభై రెండు.
మూడో పేజీకల్లా గడి ఖాళీ.
గాజువాక దాకా సైకిలు తొక్కి
శుభలేఖలు అచ్చేసే కామునాయుడి దగ్గర
గుప్పెడు బదులు తెచ్చాను.

ఓ సాగరమా! ఓ ప్రేయసీ! ఓ వెన్నెలా!
ఆయన 'ఓ' అన్నప్పుడల్లా
నా వేళ్లకి సీసం మసి.
ఆ ప్రేయసి ఎవరో గానీ
పాదం నేలకి ఆన్చేది కాదు.
సముద్రం ఆయన కోసమే ఏడ్చేది,
ఆయన కోసమే నవ్వేది,
దానికింకో పని లేనట్టు.
అప్పట్లో మా మావయ్య పోర్టులో
ఇనప ఖనిజం మోసి
చెవుల్లోపల కూడా ఎర్రగా ఇంటికొచ్చేవాడు.
ఆ ఎరుపు నేను కూర్చిన పేజీల్లో ఎక్కడా తగల్లేదు.

రెండో పుస్తకంలోకి చావొచ్చింది,
అగరొత్తుల వాసనతో, అందంగా.
ఇరవై ఎనిమిదేళ్ల మనిషి
తన సమాధి మీద ఏ పువ్వు రాలాలో రాసుకున్నాడు.
ప్రూఫులు దిద్దుతూ మాత్రం
రెండుసార్లు పకోడీలు తెప్పించాడు.

మూడోది పదకొండేళ్లకి.
మధ్యలో వాళ్లావిడ పెద్దాసుపత్రిలో
నలభై రోజులుంది.
తర్వాత లేదు.
'వరండా' అన్న మాట పదిహేడుసార్లు కూర్చాను.
'ప్రేయసి' ఒక్కసారీ తగల్లేదు.
మందుల చీటీ ఉంది. మూత పోయిన ఫ్లాస్కు ఉంది.
కిటికీ అవతల సముద్రం ఉంది,
ఎవరికోసమూ ఏడవకుండా.

ఆఖరి పుస్తకానికి
అక్షరాలన్నీ తూకానికి అమ్మేశాం.
కంప్యూటర్ దగ్గర మా అమ్మాయి,
పెన్సిలుతో నేను.
అందులో తుపాను తర్వాతి కవిత ఒకటి:
ఆకన్నది లేక బోడిగా డాల్ఫిన్స్ నోస్ కొండ,
పెద జాలరిపేట ఇసకలో
చిరిగిన వల పరిచి కూర్చున్న మనిషి.
ఆవిడకి పేరుంది, మైలపల్లి నూకాలు.
వలకి ఖరీదుంది, వడ్డీతో సహా.
వెన్నెల మళ్లీ వచ్చింది ఆ కవితలోకి,
ఊళ్లో కరెంటు లేదు కనక,
ఆవిడకి ముడి కనపడాలి కనక.

నాకు గొంతు పట్టేసింది.
పాత అలవాటు, 'వెన్నెల' పక్కన పెన్సిలుతో
చిన్న గీత గీసి కింద చుక్క పెట్టాను.
ఆయన రబ్బరు అడిగి చెరిపేశాడు.
కాగితం మీది పొట్టు ఊదుతూ అడిగాడు:
"ఆనాడు కామునాయుడి దగ్గర తెచ్చినవి
తిరిగిచ్చేశావా?"
సగమే ఇచ్చానన్నాను.
"అయ్యో, ఇచ్చేయాల్సింది" అన్నాడు,
"పెళ్లిళ్లకి కావాలి కదయ్యా."